బలి అడిగిన ప్రశ్న

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, కండ్రిక ప్రాంతాల ఇళ్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. అవి తీశాక అసలు నష్టం బయటపడింది. ప్లైవుడ్ అలమరాలు ఉబ్బి తలుపులు పడటం మానేశాయి, గోడల మీద పుట్టీ పెచ్చులుగా ఊడింది, స్విచ్చి బోర్డుల్లో బురద చేరింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి ప్రభుత్వం 25,000 రూపాయల సాయం ప్రకటించింది. ఒకటి రెండు గదుల గోడలు గీకించి, ప్లాస్టరింగు చేయించి, రంగులు వేయించేసరికి అయిపోయే సొమ్ము అది. మిగతాది చీటీ పాడుకునో, బంగారం తాకట్టు పెట్టుకునో తెచ్చుకోవాల్సిందే. ఊళ్లో అందరూ ఒకేసారి మేస్త్రీల కోసం తిరిగే రోజుల్లో పని ఒప్పుకునేవాడు దొరికితే అదే పదివేలు, అడ్వాన్సు ఎంతడిగినా బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. వరద రాని ఏడాదిలో కూడా డెల్టాలో ఈ పనులకు విరామం లేదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, పైనున్న గోడ పగుళ్లిస్తుంది. శ్రావణంలో శుభకార్యమనీ, సంక్రాంతికి అల్లుడొస్తాడనీ, అమెరికా నుంచి పిల్లలొస్తున్నారనీ ఇంటికి ఏదో ఒక పని పడుతూనే ఉంటుంది.

పని చెడిపోయే తీరు కూడా ఒక మూసలోనే ఉంటుంది. అడ్వాన్సు అందిన మర్నాడు నలుగురు మనుషులొస్తారు. వంటింటి గట్టు పగలగొడతారు, పాత టైల్స్ కొట్టేస్తారు, సింకు ఊడదీసి బాల్కనీలో పెడతారు, మెట్ల కింద రెండు బస్తాల సిమెంటు దించుతారు. పని జోరు చూసి ఇంటావిడ వాళ్లకు టీ కూడా పెడుతుంది. మూడో రోజు నుంచి మనుషులు రారు. కాంట్రాక్టరుకు ఫోను చేస్తే, "రేపు పొద్దున్నే దింపుతాను మేడమ్, మా మేస్త్రీ వాళ్లింట్లో చావయింది" అంటాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడు. గట్టు పగలగొట్టడంలోనే అసలు కిటుకు ఉంది. ఇంకొకడు సగంలో వదిలేసిన పనికి వేరే మేస్త్రీ ఓ పట్టాన చెయ్యి పెట్టడు, పెట్టినా రేటు పెంచుతాడు. కాబట్టి ఇంటివాళ్లు మొదటివాడి కోసమే ఎదురుచూస్తారు. గడ్డకట్టిన సిమెంటు బస్తాల పక్కన, హాల్లో గ్యాస్ స్టవ్ పెట్టుకుని వండుకుంటూ నెలలు గడిపేస్తారు.

ఇలాంటప్పుడు డబ్బు ఎలా రాబట్టుకోవాలో చెప్పే లాయర్లున్నారు. నేను తేల్చుకోవాలనుకుంటున్న ప్రశ్న వేరు. మాట తప్పినవాడి పాపం ఎంతటిదో మన పురాణాలు కావలసినంత చెప్పాయి. మాట నమ్మి డబ్బిచ్చినవాడి ధర్మం ఏమిటి? పోనీలే అని వదిలెయ్యడమా, వెంటపడి అడగడమా? మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఈ ప్రశ్నకు చాలా తొందరగా జవాబు చెప్పేస్తారు. ఏ జన్మలోనో వాడికి బాకీ ఉన్నాం, తీరింది అంటారు. దేవుడే చూసుకుంటాడంటారు. పనివాడి ఉసురు మనకెందుకంటారు. ఈ మూడు మాటల్లోనూ మంచితనం ఉంది. అయినా మూడూ ఒకే పొరపాటు చేస్తున్నాయనీ, లెక్క అడగడం అనే మెట్టును దాటేసి ఒకేసారి క్షమ దగ్గరికి ఎగబాకుతున్నాయనీ నా వాదన.

మన కథలన్నీ మాట ఇచ్చినవాడి వైపు నుంచే నడుస్తాయి. హరిశ్చంద్రుడు ఆలినీ బిడ్డనూ అమ్ముకుని బాకీ తీరుస్తాడు. బలి చక్రవర్తి మూడడుగులు ధారపోస్తాడు. వచ్చినవాడు విష్ణువని తెలిశాక, ప్రాణానికో ధనానికో ముప్పు వచ్చినప్పుడు మాట తప్పినా తప్పులేదని సాక్షాత్తూ గురువైన శుక్రాచార్యుడు చెప్పినా వినడు. మరి ఇవ్వాల్సింది అడిగినవాళ్ల సంగతి? హరిశ్చంద్రుడి కథలో విశ్వామిత్రుడి తరఫున బాకీ వసూలుకు వెంట తిరిగే నక్షత్రకుణ్ణి చూడండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం ఆడని ఊరు ఒకప్పుడు కోస్తాలో లేదు. ఆ నాటకం చూసిన జనానికి నక్షత్రకుడు పీడించేవాడికి మారుపేరైపోయాడు. బాకీ కోసం రెండుసార్లు ఫోను చేసినవాణ్ణి మనం ఇప్పటికీ ఆ పేరుతోనే వెక్కిరిస్తాం. చెల్లించేవాడిలో గొప్పతనం చూడటం నేర్చుకున్నాం గానీ, అడిగేవాడిలో గౌరవం చూడటం ఏ రంగస్థలమూ మనకు నేర్పలేదు. అందుకే డబ్బు పోగొట్టుకున్నవాడు తానే తప్పు చేసినట్టు నసుగుతూ అడుగుతాడు, తీసుకున్నవాడు విసుక్కుంటూ జవాబిస్తాడు.

అయితే అదే బలి ఇంకోచోట ఈ రెండో పక్క ప్రశ్ననే అడిగాడు. వ్యాసభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజుతో వాదనకు దిగి, ఒక పాత సంభాషణను గుర్తుచేస్తుంది. క్షమ గొప్పదా, తేజస్సు గొప్పదా అని బలి తన తాత ప్రహ్లాదుణ్ణి అడుగుతాడు. ఆ ప్రహ్లాదుడు ఎవరు? తండ్రి పెట్టిన బాధలన్నీ భరించి, నోరెత్తి నిందించని పిల్లవాడిగా మనకు తెలిసినవాడు. ఓర్పుకు ఆయనకంటే పెద్ద సాక్షి దొరకడు. ఆయన క్షమే గొప్పదని ఏకపక్షంగా తీర్పు చెప్పలేదు. ఎల్లప్పుడూ తేజస్సు మంచిది కాదు, ఎల్లప్పుడూ క్షమా మంచిది కాదు అన్నాడు. ఎప్పుడూ ఓర్చుకునేవాడి గతి ఏమవుతుందో వివరంగా చెప్పాడు. వాడి వస్తువుల్ని పనివాళ్లు తమవన్నట్టు వాడేసుకుంటారు, ఫలానావాళ్లకు ఇవ్వమని చెప్పినవి ఇవ్వరు, చివరికి వాణ్ణి లెక్కచెయ్యడమే మానేస్తారు. వేల ఏళ్ల నాటి ఆ జాబితా చదివితే సగంలో ఆగిన మన వంటిల్లే కళ్లముందు కనబడుతుంది.

మరి ఎవరిని క్షమించాలి? ప్రహ్లాదుడు దానికీ జవాబిచ్చాడు. గతంలో మేలు చేసినవాడు పెద్ద తప్పు చేసినా క్షమించమన్నాడు. తెలియక చేసినవాణ్ణి, బాగా విచారించి చూశాక, క్షమించమన్నాడు. మొదటి తప్పు ఎవరిదైనా సరే క్షమించమన్నాడు. రెండోసారి చేస్తే చిన్నదైనా వదలొద్దన్నాడు. తెలిసి చేసి తెలియదని బుకాయించేవాణ్ణి, తప్పు ఎంత చిన్నదైనా, ఉపేక్షించొద్దన్నాడు. ఇందులో నన్ను ఆపేది ఆ విచారణ అనే షరతు. క్షమకు ముందు విచారణ ఉండి తీరాలి. ఎందుకు రాలేదో, డబ్బు ఏమైందో, తెలియనితనమో, చేతకానితనమో, మోసమో తేలకుండా దేన్ని క్షమిస్తాం? తేలకముందే "పోనీలే" అన్నవాడు తప్పును క్షమించినట్టు కాదు, దాన్ని చూడటానికి ఒప్పుకోనట్టు. మొదటిసారి రానందుకు ఓర్చుకోవడం ధర్మమే. ఇంట్లో చావయిందన్నవాడి మాట నమ్మడం కూడా ధర్మమే. నాలుగోసారి అదే చావు కబురు చెప్పినప్పుడు కూడా తల ఊపడం ప్రహ్లాదుడి లెక్కలో ఓర్పు కిందికి రాదు.

ధర్మరాజు ఈ వాదనకు లొంగలేదన్నది నిజం. కాశ్యపుడి మాటలు తలచుకుంటూ క్షమను ఆకాశానికెత్తాడు. ఎవరు గెలిచారో భారతం తేల్చి చెప్పదు. కానీ ఆ తర్వాత జరిగింది గమనించాలి. భీముడూ ఆవేశపడతాడు, వ్యాసుడు వస్తాడు, ఆయన ఉపదేశం మీద అర్జునుడు అస్త్రాల కోసం ఇంద్రకీలానికి తపస్సుకు బయల్దేరుతాడు. బెజవాడ జనం కనకదుర్గమ్మ కొండనే ఆ ఇంద్రకీలం అంటారు, ఊరి పేరులోని విజయుడు అర్జునుడే అని చెప్పుకుంటారు. ఈ ఊరు తన స్థలపురాణంగా ఎంచుకున్న తపస్సు, పోయింది పోనీ అని ఊరుకోవడానికి చేసింది కాదు. అన్యాయంగా పోయినదాన్ని గడువు తీరాక రాబట్టుకోవడానికి చేసుకున్న ఏర్పాటు. అయినా పాండవులు పదమూడేళ్ల గడువును పాటించారు, ఆ తర్వాత కూడా కృష్ణుణ్ణి రాయబారం పంపి అడిగించారు. అడిగిన తర్వాతే మిగతాదంతా.

ఇది రాజులకు చెప్పిన నీతి, మామూలు గృహస్థుకు ఎందుకన్న అభ్యంతరం రావచ్చు. శిక్షించే అధికారం రాజుది, మనం ఓర్చుకోవడమే మేలు అనొచ్చు. ఈ అభ్యంతరానికి ధర్మశాస్త్రాలే బదులు చెబుతాయి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఒక నియమం ఉంది: రాజు గానీ, అతని ఉద్యోగి గానీ తమంతట తాము వ్యాజ్యం పుట్టించకూడదు, ఇంకొకరు తెచ్చిన వ్యాజ్యాన్ని మింగెయ్యకూడదు. మనువును ఇవాళ కొలబద్దగా తేవాలని నా ఉద్దేశం కాదు. కులాన్ని బట్టి శిక్ష మార్చిన పుస్తకం అది, దాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఈ ఒక్క నియమంలోని తర్కం మాత్రం ఇప్పటి కోర్టులకూ వర్తిస్తుంది. దెబ్బతిన్నవాడు గడప ఎక్కి చెప్పుకోకపోతే న్యాయానికి కాళ్లు రావు. శిక్షించడం రాజు పని కావచ్చు, ఫిర్యాదు మాత్రం గృహస్థు పనే. ఆ పని అతని బదులు ఇంకెవరూ చెయ్యలేరు.

ఇక పూర్వజన్మ బాకీ మాట. కర్మ సిద్ధాంతాన్ని మన శాస్త్రకారులకంటే గట్టిగా నమ్మినవాళ్లు ఉండరు. అయినా వాళ్లే అప్పు ఎగవేత మొదలుకుని కూలి ఎగవేత, ఒప్పందం తప్పడం దాకా పద్ధెనిమిది రకాల వివాదాలకు విచారణ పద్ధతులు రాశారు. జీతం తీసుకుని పని వదిలేసినవాడు రెండింతలు కట్టాలని యాజ్ఞవల్క్యస్మృతి అంటుంది, నారదస్మృతి కూడా అదే మాట అంటుంది. యాజ్ఞవల్క్యానికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను తిక్కన కాలంవాడైన కేతన 13వ శతాబ్దంలోనే విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు. తెలుగు భాష ఇంకా కావ్యాల తొలి అడుగుల్లో ఉండగానే ఒక కవికి ఈ వ్యవహారాల పుస్తకం తెలుగులో ఉండాలనిపించింది. పోయిన సొమ్మంతా పూర్వజన్మ బాకీయే అయితే ఈ గ్రంథాలకు పనేముంది? వచ్చిన చిక్కు ఏమిటంటే, కర్మ లెక్కను మనం ఎప్పుడూ మోసపోయినవాడి ఖాతాలోనే రాస్తాం. ఈ జన్మలో ఆ కాంట్రాక్టరు చేసిన కొత్త బాకీని ఎవరి ఖాతాలో వెయ్యాలి? అడగకుండా వదిలేస్తే వాడి కర్మను కూడా మనమే పెంచినవాళ్లమవుతాం.

బాకీలోంచి తప్పుకోవడానికి మతాన్ని వాడుకోవడం కొత్తదేమీ కాదు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల లాంటి చోట్ల ఈ కృష్ణ తీరంలో ఒకప్పుడు బౌద్ధం వెలిగింది. ఆ మతపు వినయపిటకంలో ఒక చిన్న కథ ఉంది. అప్పుపడినవాడొకడు భిక్షువైపోయాడు. అప్పులిచ్చినవాళ్లు అతణ్ణి గుర్తుపట్టారు గానీ, భిక్షువుల జోలికి ఎవరూ పోరాదని బింబిసారుడి ఆజ్ఞ ఉండటంతో ఏమీ చెయ్యలేక గొణుక్కున్నారు. ఆ గొణుగుడు బుద్ధుడి చెవిన పడింది. డబ్బు మీద మమకారం దుఃఖానికి మూలమని అప్పులిచ్చినవాళ్లకు ఆయన బోధించి ఉండొచ్చు. అలా చెయ్యలేదు. అప్పుపడినవాడికి ప్రవ్రజ్య ఇవ్వకూడదని సంఘానికి నియమం పెట్టాడు. వైరాగ్యం బోధించినవాడే బాకీ అడిగేవాళ్ల గొంతు విన్నాడు. నిష్కామకర్మ పేరు చెప్పి ఊరుకోమనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. ఫలం మీద ఆశ వదలడమంటే నా ఆశను నేను వదలడం. ఎదుటివాడి బాధ్యతను రద్దు చేసే హక్కు దాంతో రాదు. గీత విన్న అర్జునుడు అడవికి పోలేదు, గాండీవం ఎత్తాడు.

గుణదల మేరీమాత ఉత్సవానికి ఫిబ్రవరిలో లక్షల మంది వచ్చే ఊరిది. డెబ్భై ఏళ్ల మార్లు క్షమించమన్న ఏసు మాట ఇక్కడ తెలియనివాళ్లు తక్కువ. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఆ మాటకు కాస్త ముందే ఇంకో సంగతి ఉంది. నీ సోదరుడు నీకు తప్పు చేస్తే ముందు వాడితో ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుపోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. ఇంతకన్నా మంచి నోటీసు క్రమం ఏ లాయరూ రాయలేడు. ఖురాన్ రెండో అధ్యాయంలో కూడా ఇలాంటి జంటే పక్కపక్కన కనిపిస్తుంది. అప్పుపడినవాడు ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా గడువివ్వమనీ, వదిలేస్తే ఇంకా మంచిదనీ 280వ వాక్యం చెబుతుంది. రెండు వాక్యాల తర్వాత, గడువు పెట్టి చేసిన అప్పును రాయించుకోమనీ, సాక్షుల్ని పెట్టుకోమనీ ఆదేశం వస్తుంది. ఆ 282వ వాక్యం ఆ గ్రంథంలోకెల్లా పెద్ద వాక్యం. దయ గురించి చెప్పినదానికంటే కాగితం గురించి చెప్పినదే పొడుగు. కాగితం అడిగితే అపనమ్మకం అనుకునేవాళ్లకు బెజవాడ మల్లేశ్వరాలయంలోని యుద్ధమల్లుడి శాసనం కూడా చూపించొచ్చు. గుడి కట్టించిన రాజే మఠంలో ఎవరుండాలో, ఆ మాట తప్పితే ఏ పాపం చుట్టుకుంటుందో రాతి మీద చెక్కించాడు. దేవుడి పనికి కూడా షరతులు రాసుకున్న చోట, వంటింటి పనికి తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోవడం ఎవరికీ అవమానం కాదు: ఏ కంపెనీ ప్లైవుడ్, చదరపు అడుగుకు ఎంత, ఏ పని అయ్యాక ఎంత, ఎప్పటిలోగా.

నాకు అన్నిటికంటే బరువుగా అనిపించే అభ్యంతరం వేరే ఉంది. ఇల్లు ఉన్నవాడు, అందులో మార్పులు చేయించుకోగలవాడు మనవాళ్లలో కాస్త కలిగినవాడే. కాంట్రాక్టరు చాలాసార్లు నిన్నమొన్నటి తాపీమేస్త్రీ, లెక్కలు సరిగా రానివాడు, ఎక్కువ పనులు ఒప్పుకుని మునిగినవాడు. వాడి మీద కేసులూ నోటీసులూ ఏం ధర్మం? ఈ మాటలో నిజం ఉంది. 2019లో కొత్త ఇసుక విధానం వచ్చినప్పుడు పక్కనే కృష్ణ ఉండి కూడా విజయవాడలో ఇసుక దొరకక పనులు ఆగిపోయాయి, మేస్త్రీలు, కూలీలు నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు. దాని వెనకే 2020లో కరోనా వచ్చింది. ఆ రోజుల్లో మాట తప్పిన ప్రతివాణ్ణీ మోసగాడనడం పాపమే. ఇంటివాళ్ల పాత్ర కూడా తక్కువేమీ కాదు. గ్రానైట్ అన్నది సగంలో క్వార్ట్జ్ చేస్తారు, వాస్తు ఆయన వచ్చి స్టవ్ మూల మార్చమన్నాడని కట్టిన గట్టు మళ్లీ పగలగొట్టిస్తారు, ఆ అదనపు పనికి డబ్బడిగితే మొహం మాడ్చుకుంటారు. కూలి ఎగ్గొట్టడాన్ని కూడా శాస్త్రాలు అదే పద్ధెనిమిదింటిలో పెట్టాయని ఇంటాయన మరిచిపోకూడదు.

కానీ ఈ దయ సరిగ్గా ఎవరికి చేరుతోందో కూడా చూడాలి. అడ్వాన్సుల మీద నడిచే వ్యాపారంలో మూడో ఇంట్లో తీసుకున్న డబ్బుతో మొదటి ఇంటి పని ముగిస్తారు, నాలుగో ఇంటి డబ్బుతో రెండో ఇంటి వడ్రంగికి బాకీ తీరుస్తారు. గొలుసు నడిచినంతకాలం అందరికీ కాస్త ఆలస్యమవుతుంది, అంతే. తెగిన రోజున చివరి ఇల్లు మునుగుతుంది. దాంతోపాటు పొద్దున్నే అడ్డా మీద నిలబడి పనికొచ్చిన కూలీ కూడా మునుగుతాడు. వాడికి అడ్వాన్సు ముట్టదు, వారం చివర చేతికందాల్సిన కూలే రాదు. ఇంటాయన మౌనంగా ఉంటే ఆ గొలుసుకు ఇంకో కొక్కెం తగిలించినట్టే. ఇంకో ఇంటివాళ్లు, ఇంకో నలుగురు కూలీలు అందులో చిక్కుతారు. పనివాడి కడుపు కొట్టకూడదన్న మాట నిజంగా నమ్మితే, ముందుగా ఆలోచించాల్సింది ఆ నలుగురి కడుపు గురించి. కాంట్రాక్టరు పేదవాడే కావచ్చు. వాడికంటే పేదవాడి కూలి ఆ అడ్వాన్సులోనే ఇరుక్కుపోయి ఉంది. కాబట్టి పేదరికం లెక్క అడగకపోవడానికి కారణం అవదు, లెక్క తేలాక ఎంత వదులుకోవాలో తేల్చుకోవడానికి మాత్రం తప్పకుండా కారణం అవుతుంది.

ఇప్పటి చట్టం కూడా మాట తప్పడాన్నీ మోసాన్నీ వేరుగానే చూస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్ల కింద మాట తప్పినవాడు కట్టాల్సింది ఎదుటివాడికి జరిగిన నష్టం మేరకే. యాజ్ఞవల్క్యుడి రెండింతలు ఇవాళ చెల్లవు. అది మేలే అని నేననుకుంటాను. మోసం అనాలంటే డబ్బు తీసుకునేటప్పుడే పని చెయ్యకూడదన్న ఉద్దేశం ఉండాలి. ఒకప్పటి 420, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను, అడిగేది దాన్నే. ప్రహ్లాదుడు విచారించి చూడమన్నదీ ఇలాంటి తేడానే. ఇల్లు కట్టడం కూడా సేవ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1993లోనే లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో తేల్చింది. అందువల్ల జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు ఇలాంటి ఇంటివాళ్లకు తెరిచే ఉంది. 5 లక్షల లోపు చెల్లించిన పనికి ఫీజు లేదు, లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. అయితే దెబ్బ తగిలిన రెండేళ్లలోపు వెళ్లాలి. దేవుడే చూసుకుంటాడని కూర్చున్నవాళ్లలో చాలామందికి ఈ గడువు దాటాకే లాయరు గుర్తొస్తాడు.

అడగడం ధర్మమైతే, ఎలా అడగాలన్నదీ ధర్మంలో భాగమే. బెజవాడలో సెటిల్‌మెంట్ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. డబ్బు రాకపోతే కోర్టు దాకా ఎందుకు, ఫలానా అన్నతో ఒక్క ఫోను చేయిస్తే చాలుననే సలహా ఇక్కడ ఇప్పటికీ సులువుగా దొరుకుతుంది. స్టేషన్లో తెలిసినవాళ్లతో పిలిపించి కూర్చోబెట్టడం దాని మర్యాద రూపం. అలా రాబట్టిన డబ్బులో భయం పాలెంతో, న్యాయం పాలెంతో విడదీయలేం. వాడి ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి, కులం పేరుతో, ఊరి పేరుతో తిట్టించడం కూడా అదే జాతి. అడగడంలో కోపం కలిసిన క్షణాన ధర్మరాజు మాట నెగ్గుతుంది: కోపిష్టి చెయ్యకూడని పని అంటూ ఉండదన్నది ఆయన వాదనలో నాకు ఎదురులేని భాగం. మత్తయిలోని మెట్ల క్రమంలో నాకు నచ్చింది ఇదే. మొదటి మెట్టు ఒంటరిగా, అంటే ఎదుటివాడి పరువు కాపాడుతూ. తర్వాతి మెట్టు ఎక్కేది వాడు ఎక్కిస్తేనే.

ఇంత చెప్పాక కూడా వదిలేసేవాళ్లుంటారు, వదిలెయ్యొచ్చు కూడా. వయసు మళ్లిన దంపతులు వాయిదాలకు తిరగలేరు. పోయినదానికంటే తిరుగుళ్లకే ఎక్కువవుతుందని లెక్కేసుకుని ఊరుకోవడంలో తప్పేమీ లేదు. దాన్ని అలసట అనాలి, లౌక్యం అనాలి. అలసటను క్షమ అని పిలుచుకుంటే రెండు నష్టాలు. లోపల కోపం అలాగే ఉండి, పెళ్లిలో ఆ కాంట్రాక్టరు ఎదురైతే పక్కకు తిరిగే మనిషి తాను క్షమించానని నమ్ముతుంటాడు. రెండోది, ఇంకో ఇంటివాళ్లు వచ్చి "ఆయన ఎలాంటివాడండీ?" అని అడిగితే, "ఏమోలెండి, మాకు పెద్దగా తెలియదు" అని తప్పుకుంటాడు. డబ్బు వదులుకోవడం అతని ఇష్టం. ఆ సమాధానం మాత్రం అతని ఇష్టానికి వదిలేసేది కాదు, ఎందుకంటే అప్పుడు పోయేది వేరేవాళ్ల డబ్బు.

ఇక మిగిలింది లెక్క తేలిన రోజు. కాంట్రాక్టరు చివరికి వచ్చి కూర్చుని, ఇంత మెటీరియల్‌కు అయింది, ఇంత వేరే ఇంటికి వాడేశాను, ఇప్పుడు చేతిలో లేదు, నెలకింత ఇస్తాను అని నిజం చెప్పాడనుకుందాం. ఇప్పుడు ఇంటాయన ముందు అసలైన ప్రశ్న ఉంది. ప్రహ్లాదుడి ప్రకారం ఇది మొదటి తప్పా, రెండోదా చూడొచ్చు. ఆ మనిషి పదేళ్ల కిందట ఇదే ఇంటికి స్లాబు చక్కగా పోసి ఉంటే, గతంలో చేసిన మేలు కింద కొంత కొట్టేయొచ్చు. ఇబ్బందిలో ఉంటే గడువు పెంచొచ్చు. మొత్తం వదిలేసినా అప్పుడది దానమే అవుతుంది, ఎందుకంటే ఎంత వదులుతున్నాడో అతనికి తెలుసు, ఎంత వదిలించుకుంటున్నాడో వాడికీ తెలుసు. ఏది చేసినా ఆ కాగితంలో మొదటి పద్దుగా రాయించాల్సింది మాత్రం ఒకటుంది: గట్టు పగలగొట్టి, టైల్స్ కొట్టి, టీ తాగి వెళ్లిన ఆ నలుగురికి రావాల్సిన కూలి. అది ముందు చెల్లించాకే మిగతాది ఇద్దరూ మాట్లాడుకోవాలి.